జేబులో ఉండిపోయిన బిళ్ళ

గోదావరిఖనికి ఎవరూ చూడ్డానికి వెళ్ళరు. పనుంటే వెళ్తారు, చుట్టాలుంటే వెళ్తారు. నాకు అక్కడ చుట్టాలు లేరు కాబట్టి పని మీదే వెళ్ళాను. వెళ్ళి వచ్చి రెండు నెలలైంది. వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అక్కడివాళ్ళు చదివితే నవ్వుకుంటారు, లేదా ఇంకోసారి తిడతారు. రెండింటికీ నేను సిద్ధమే.

నా పనేమిటో ముందే చెప్పాలి. ఉద్యోగంలో ఎదగడం ఎలా, మనసును గట్టిగా పెట్టుకోవడం ఎలా అని నలుగురికీ పాఠాలు చెబుతాను. ఒక శిక్షణ సంస్థ నన్ను ఊరూరికీ పంపిస్తుంది. తెర మీద మెట్ల బొమ్మ వేసి, ఒక్కో మెట్టుకూ ఒక్కో మాట చెబుతాను. పదిహేనేళ్ళుగా ఇదే పని. విన్నవాళ్ళలో ఎంతమంది మెట్లెక్కారో తెలియదు గానీ నేను మాత్రం కింది మెట్టు మీదే నిలబడి బొమ్మ చూపిస్తున్నాను. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్న సామెత మా తెనాలి వైపు ఊరికే పుట్టలేదు.

హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటులో ఒక్కణ్ణే ఉంటాను. పెళ్ళయింది, ఎనిమిదేళ్ళ కిందట విడిపోయాం. ఆవిడ మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఆవిడకు నా మీద ఉన్నవి న్యాయమైనవే.

రామగుండం స్టేషన్

మంగళవారం మధ్యాహ్నం బండి దిగాను. దూరంగా థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. స్టేషన్ బయట ఆటోలన్నీ జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోగా ఒక్కటి మిగిలింది. డ్రైవరుకు అరవై దాటి ఉంటాయి, తెల్ల గడ్డం, పేరు యూసుఫ్.

"ఏడికి సాబ్?"

"గోదావరిఖని చౌరస్తా."

"రెండు నూర్లు."

నూట యాభై అన్నాను. ఆయన నన్నూ, నా సూట్‌కేసునూ, ఇంకో ఆటో లేని రోడ్డునూ ఒకసారి చూసి, "రెండు నూర్లే సాబ్" అని నవ్వాడు. ఎక్కాను.

ఐదు నిమిషాల్లో నా వివరాలన్నీ అడిగేశాడు. మా వైపు కూడా అడుగుతారు గానీ ముందు కులం దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతారు. ఇక్కడ ముందు ఏ షిఫ్టు అని అడుగుతారు. నాకు షిఫ్టు లేదంటే యూసుఫ్ భాయ్ జాలిపడ్డాడు. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు.

"ఇంటికి ఫోన్ కొట్టిండ్రా, ముట్టిన అని?"

ముట్టడం అంటే ఇక్కడ చేరడం. "చేస్తాన్లెండి" అన్నాను. చేయడానికి ఎవరూ లేరని ఆటోవాడికి చెప్పడం దేనికి? ఆయన అద్దంలోంచి నన్ను చూసి, ఉన్న నాలుగు రోజులూ తన ఆటోలోనే తిరగమన్నాడు. సరేనన్నాను. ఆ సాయంత్రం చూడదగ్గదేమైనా ఉందా అని అడిగితే, "గోదారి ఉన్నది సాబ్. ఘాట్ మీద హవా మంచిగొస్తది" అన్నాడు.

చౌరస్తా

లాడ్జి కిటికీలోంచి ఒక సందు కనిపించేది. బుధవారం పొద్దున కూరగాయల బండి ఆయన అరుచుకుంటూ వచ్చి, ఆ సందు మొదట్లో హఠాత్తుగా నోరు మూసుకున్నాడు. బండిని నెమ్మదిగా నెట్టుకుంటూ ఆ చివరకు వెళ్ళాక మళ్ళీ గొంతెత్తాడు. కింద టిఫిన్ బండి పెట్టుకున్న లక్ష్మక్కను అడిగితే, "ఆ సందుల మూడో షిఫ్టోళ్ళు పండుకున్నరు సార్. లేపుతమా మరి?" అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

మా అపార్టుమెంటులో నా పై ఫ్లాటువాళ్ళు ఆదివారం పొద్దున్నే మేకులు కొడతారు.

లక్ష్మక్క దగ్గర సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి, గిన్నెకు అద్ది, మధ్యలో వేలితో చిల్లులు పెట్టి కాలుస్తుంది. ఒకటి ముప్పై రూపాయలు. ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుండదు. అల్లం పచ్చడి ఉందా అని అడిగాను.

"దీనికి చట్నీ ఏంది సార్? గిట్లనే తినాలె. మీ ఆంధ్రోళ్ళకు అన్నింట్ల నంజుకునుడు కావాలె" అంది. పక్కన తింటున్న ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. ఒక్కణ్ణే తినేవాడికి ఎవరైనా ఎగతాళి చేసినా బాగానే ఉంటుంది.

క్లాసు గది

ఇరవై ఇద్దరు వచ్చారు. అందరూ బొగ్గు గనిలో పాతికేళ్ళ పైన పనిచేసినవాళ్ళు. నేను మెట్ల బొమ్మ వేశాను. మొదటి మెట్టు, లక్ష్యం. నా అలవాటు ప్రకారం అందరినీ అడిగాను, "ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

చివరికి వెనక వరసలోంచి ఒక సన్నటి మనిషి లేచాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"ఐదేండ్లు నాకెందుకు సార్? శనివారం దిగిపోతున్న."

క్లాసంతా గొల్లుమంది. ఆయన పేరు రాజలింగం. అందరూ కాక అంటారు, మా వైపు బాబాయ్ అన్నట్టు. ఆ నెలాఖరు శనివారమే పదవీ విరమణ. మరి ఈ శిక్షణకు ఎందుకొచ్చారని అడిగాను.

"లిస్టుల పేరున్నది సార్. పేరున్నంక హాజరు కావాలె గద?"

ఆయన పక్కన కూర్చున్న భారీ మనిషి సమ్మయ్య. గనిలో ఒక షిఫ్టు మొత్తాన్ని చూసుకునే ఓవర్‌మన్. ఆయన లేచి నాకు వివరించాడు. రాజలింగం పనిచేసేది ల్యాంపు రూములో. గనిలోకి వెళ్ళే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే దీపం అక్కడే ఇస్తారు. దీపంతో పాటు నంబరున్న ఇత్తడి బిళ్ళ కూడా. ఒక్కో నంబరుకు రెండు బిళ్ళలుంటాయి. ఒకటి బోర్డు మీద మేకుకు వేలాడుతుంది, రెండోది మనిషి జేబులో గనిలోకి దిగుతుంది. బయటికొచ్చి ఆ బిళ్ళ ఇస్తే రాజలింగం రెండింటినీ జతచేసి పెట్టెలో వేస్తాడు. మొదటి షిఫ్టు మధ్యాహ్నం మూడింటికి అయిపోతుంది. ఒక్కో షిఫ్టుకు ఒక్కో బోర్డు, అప్పటికి దాని బోర్డు ఖాళీ అవ్వాలి.

"కాక చేతి మీద, షిఫ్టు అయినంక ఒక్క బిళ్ళ మిగల్లే సార్. ముప్పై ఆరేండ్లు" అన్నాడు సమ్మయ్య.

"ముప్పై ఐదు" అన్నాడు రాజలింగం. "మొదటేడు లెక్కల వెయ్యకు." తర్వాత నావైపు తిరిగి, "గీ మూడు దినాలు గూడ గట్లనే పోతె చాలు సార్. గదే నా లక్ష్యం. రాస్కోండ్రి" అన్నాడు.

నేను బోర్డు మీద రాశాను. మెట్ల బొమ్మలో దాన్ని ఏ మెట్టు మీద పెట్టాలో తోచక పక్కన రాశాను.

బాయి లోపల

గురువారం గని చూడ్డానికి నాకు అనుమతి వచ్చింది. గని పేరు రాయను. ఇక్కడ గనిని బాయి అంటారు. లోపలికి పోవడం దిగుడు, బయటికి రావడం ఎల్లుడు. ఎల్లిండా అంటే బయటికొచ్చాడా అని అర్థం. లోపలికి ఫోను, అగ్గిపెట్టె తీసుకుపోకూడదు కాబట్టి ఫోను లాడ్జిలోనే వదిలేశాను. యూసుఫ్ భాయ్ నన్ను గేటు దగ్గర దించి, "మూడు గంటలకు ఇక్కడ్నే ఉంట సాబ్" అన్నాడు. తల ఊపాను.

ల్యాంపు రూము కిటికీ దగ్గర రాజలింగం నాకు దీపం, నడుముకు కట్టుకునే బ్యాటరీ, ఒక బిళ్ళ ఇచ్చాడు. నలభై ఒకటో నంబరు. "పైలం సార్. దీపం మర్చిపోయిన మంచిదే, గిది మర్చిపోవద్దు" అన్నాడు. అంత ముఖ్యమైన మాటను నేను బస్సులో కండక్టరు మాట విన్నట్టే విన్నాను.

సమ్మయ్య నన్ను వెంటబెట్టుకుని ఏటవాలు దారిలో కిందికి తీసుకెళ్ళాడు. చాలాసేపు నడిచాం. నా కళ్ళజోడు మీద చెమట, బూట్ల కింద బురద. చీకటి అంటే ఏమిటో తెలుసనుకునేవాణ్ణి. సమ్మయ్య ఒక్క నిమిషం ఇద్దరి దీపాలూ ఆర్పించాడు, అప్పుడు తెలిసింది, తెలియదని. నా చెయ్యి నా కళ్ళ ముందే ఉంది, కనిపించలేదు. భయమేసింది. అంతకంటే, ఈ చీకటి నాకు ఎప్పట్నుంచో తెలిసినదే కదా అనిపించింది, అది ఇంకా భయపెట్టింది.

మళ్ళీ దీపాలు వెలిగించాక ఆయన చేతిలోని ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టాడు. కంగుమని మోగింది.

"రాయి మాట్లాడుతది సార్. కంగుమంటె మంచిగున్నట్టు. బొద్దుమంటె ఎనుకకు జరగాలె."

ప్రతి నాలుగడుగులకూ కొడుతూనే ఉన్నాడు. నిన్న కూడా ఇక్కడే కొట్టారు కదా అన్నాను.

"నిన్న నిన్నటిది సార్. నిన్న కొట్టిన గద అనుకున్నోడె దెబ్బ తింటడు."

నేను పదిహేనేళ్ళుగా అదే మెట్ల బొమ్మ చూపిస్తున్నాను. బొమ్మ కంగుమంటోందా బొద్దుమంటోందా అని ఒక్కసారీ కొట్టి చూసుకోలేదు.

అంతలో పంపు దగ్గర ఏదో ఇబ్బందని కబురొచ్చింది. సమ్మయ్య నన్ను మల్లేశ్ అనే కార్మికుడికి అప్పగించాడు. మల్లేశ్ ఆ రోజు సగం పూట సెలవు పెట్టి, మేనమామ కూతురి పెళ్ళికి వెళ్తున్నాడు. ఇద్దరం పైకొచ్చేసరికి ఒంటిగంటన్నర.

"సార్, దీపాలు నేను పెట్టొస్త. మీరు మొఖం కడుక్కోండ్రి" అని మల్లేశ్ నా దీపం తీసుకెళ్ళి ర్యాకులో పెట్టేశాడు. తన బిళ్ళ తను ఇచ్చేసి బండెక్కి పోయాడు. నా బిళ్ళ నేను ఇస్తాననుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

నేను నల్లాల దగ్గర మొహం కడుక్కున్నాను. అక్కడ ఇంకో చిన్న గేటుంది. దాని ముందు షేర్ ఆటో ఆగింది, "గోదారి, గోదారి" అని పిలిచారు. ఎక్కేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఎనిమిదేళ్ళుగా నేను ఎక్కడికి పోయినా ఎవరికీ చెప్పి పోలేదు. ఆ అలవాటే నన్ను ఆటో ఎక్కించింది.

గోదావరి ఒడ్డు

నది సన్నగా పారుతోంది. వంతెన మీద మంచిర్యాల బస్సులు పోతున్నాయి. ఘాట్ మెట్ల మీద ఒకావిడ బట్టలు ఆరేసింది. పది రూపాయల చాయ్ తాగి ఒక మెట్టు మీద కూర్చున్నాను. జేబులో చెయ్యి పెడితే బిళ్ళ తగిలింది.

ఇక్కడ నిజం చెప్పాలి. మర్చిపోయి తెచ్చాను, కానీ గుర్తొచ్చాక తిరిగి వెళ్ళలేదు. అప్పుడు రెండైనా కాలేదు. ఆటో ఎక్కితే మూడింటిలోపు ఇచ్చేసేవాణ్ణి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రేపు క్లాసులో ఇద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఇవ్వకపోయినా ఏమవుతుందిలే, హైదరాబాదు క్లాసుల్లో చూపిస్తే బాగుంటుంది అనుకున్నాను. ఇత్తడి ముక్కే కదా!

నిరుడు వానాకాలం నాకు జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. పాలప్యాకెట్లు తలుపు బయట అలాగే పడున్నాయి. ఐదో రోజు తలుపు తీస్తే ఎదురు ఫ్లాటాయన, "ఊళ్ళో లేరనుకున్నామండీ, పాలు పాడవుతాయని రెండు ప్యాకెట్లు మేం వాడేశాం" అన్నాడు. మంచివాడే. డబ్బులు కూడా ఇవ్వబోయాడు. నది చూస్తుంటే ఎందుకో అదే గుర్తొచ్చింది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. టైమెంతైందో చూసుకోలేదు, ఫోను లేదు కదా.

ఎండ కాస్త తగ్గాక వెనక ఆటో కీచుమని ఆగిన చప్పుడైంది.

"అరె సాబ్! మీరిక్కడ హవా తింటున్నరా?"

యూసుఫ్ భాయ్. ఇంజను కూడా ఆపకుండా దిగి వచ్చాడు.

"అక్కడ బాయి మొత్తం మీ కోసం దేవులాడుతున్నది సాబ్! మీరు లోపల్నే ఉన్నరని!"

ల్యాంపు రూము

దారిలో ఆయన చెబుతుంటే నాకు సగమే వినపడింది. మూడింటికి బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది, నలభై ఒకటి. అదే సమయానికి యూసుఫ్ భాయ్ గేటు దగ్గరికొచ్చి మా సాబ్ ఏడీ అని అడిగాడు. సమ్మయ్య పైకొచ్చి, మల్లేశ్‌తో పంపించానన్నాడు. మల్లేశ్ పెళ్ళి డప్పుల్లో ఫోను ఎత్తలేదు. నా ఫోను లాడ్జి గదిలో మోగి మోగి ఊరుకుంది. సమ్మయ్య ఎనిమిది మందిని తీసుకుని తిరిగి దిగాడు. లాడ్జికి ఒకర్ని పంపారు, గదికి తాళం. అప్పుడు యూసుఫ్ భాయ్‌కి నేను గోదారి గురించి అడిగిన సంగతి గుర్తొచ్చింది.

గేటు దగ్గర ఆటో దిగి చూసి అక్కడే ఆగిపోయాను. మొదటి షిఫ్టువాళ్ళు ఒక్కరూ ఇంటికి పోలేదు. నల్లటి మొహాలతో, టిఫిన్ డబ్బాలతో సిమెంటు అరుగు మీద వరసగా కూర్చున్నారు. డ్యూటీ అయిపోయి రెండు గంటలు దాటింది. ఒకరి తర్వాత ఒకరి ఫోను మోగుతోంది. "ఆ, లేటయితది. ఒక సార్ ఎల్లలే ఇంక. నువ్వు తిను." ప్రతి ఒక్కరికీ ఇంటినుంచి అడిగేవాళ్ళున్నారు. అడిగించుకునే వాళ్ళందరూ నా కోసం కూర్చున్నారు.

నన్ను చూడగానే ఎవరో గని టెలిఫోనులో కిందికి కబురు చెప్పడానికి పరిగెత్తారు. మిగతావాళ్ళు లేచి నిలబడ్డారు. తిడతారనుకున్నాను. ఒక పెద్దాయన నా భుజం పట్టుకుని, "ఉన్నవా బిడ్డా" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

ఆ లోటు సమ్మయ్య తీర్చాడు. చెమటతో, బురదతో పైకొచ్చి, "ఏం మనిషివయ్యా నువ్వు! పాడుబడ్డ గల్లీలన్ని తిరిగొచ్చినం. నీ పేరు పెట్టి ఎంత మొత్తుకున్నం! పదిమందికి పాఠాలు చెప్తవ్, ఎల్లిన అని ఒక్క మాట చెప్పరాదా?" అన్నాడు. ప్రతి మాటా నిజమే. తలొంచుకుని విన్నాను. నా పేరు ఆ చీకట్లో ఎనిమిది మంది గట్టిగా పిలిచారన్న మాట మాత్రం మనసులో ఇరుక్కుపోయింది, ఇప్పటికీ కదల్లేదు.

రాజలింగం కిటికీ వెనక నిలబడి ఉన్నాడు. వెనక మొదటి షిఫ్టు బోర్డంతా ఖాళీ, ఒక్క మేకు తప్ప. బిళ్ళ ఇచ్చాను. ఆయన దాన్ని తుడిచి, దాని జోడుతో కలిపి పెట్టెలో వేసి, బయట కూర్చున్నవాళ్ళకు వినపడేటట్టు అన్నాడు.

"అందరు ఎల్లిండ్లు. పోండ్రి ఇగ."

తర్వాత పుస్తకం తెరిచి, గోడ గడియారం చూసి, ఐదుంబావు అని రాశాడు. నాకు అప్పుడు తట్టింది. ముప్పై ఐదేళ్ళు మిగలని బిళ్ళను, చివరి వారంలో నేను మిగిల్చాను.

"కాకా, నేను ఒంటిగంటన్నరకే బయటికొచ్చాను. దీపం కూడా అప్పుడే వచ్చింది. ఆ టైమే రాయండి, నేను సంతకం పెడతాను" అని బతిమాలాను.

ఆయనకు కోపం రాలేదు. "దీపం ఎవని చేతిలనన్న పైకొస్తది సార్. బిళ్ళ మనిషి జేబులనే వస్తది. గందుకే దీపాన్ని నమ్మం. బిళ్ళ ఎప్పుడొస్తే మనిషి అప్పుడొచ్చినట్టు" అన్నాడు. పెన్ను మూత పెట్టాడు. "నా పేరు మంచిగుండాలని అబద్ధం రాస్తె, రేపటి సంది ఈ పుస్తకాన్ని ఎవడు నమ్ముతడు?"

తన లక్ష్యాన్ని తన చేత్తోనే కొట్టేసి, ఆ మనిషి పుస్తకం మూసి నన్ను అడిగిన మాట ఇది. "పొద్దుగాల సంది ఏమన్న తిన్నరా?"

సెంటినరీ కాలనీ

తినలేదు. ఆయన నన్ను బస్సులో సెంటినరీ కాలనీలో తన క్వార్టరుకు తీసుకెళ్ళాడు. వరసగా ఒకేలా ఉన్న ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ ఒక జామచెట్టో కరివేపాకు చెట్టో. రాజలింగం భార్య రాజవ్వ అప్పటికే సంగతి విన్నది. ఏమీ అనకుండా పళ్ళెం పెట్టింది. అన్నం, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. పుంటికూరంటే మన గోంగూరే. పచ్చిపులుసు మాత్రం మా ఇంట్లో చేసేవారు కాదు, చింతపండు నీళ్ళలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పిసికి, పొయ్యి మీద పెట్టకుండానే వడ్డిస్తారు. మూడుసార్లు పోయించుకున్నాను.

"మొదటేడు లెక్కల వెయ్యొద్దన్నారు. ఎందుకు?" అని అడిగాను.

ఆయన అన్నం కలుపుతూ చెప్పాడు. కొత్తగా పనిలో చేరినప్పుడు శంకర్ అనే పెళ్ళికాని కుర్రాడు గనిలోనే ఒక మూల నిద్రపోయాడట. అప్పుడు బిళ్ళ మిగిలింది. బస్సు దొరకదని, ఎవడో ఇవ్వడం మర్చిపోయుంటాడని, రాజలింగం పుస్తకంలో 'ఎల్లిండు' అని రాసి ఇంటికి పోయాడు.

"ఏమైంది?"

"ఏం కాలే సార్. తెల్లారి లేసి ఆయనే ఎల్లొచ్చిండు. గీత గూడ పడలే. కాని కిటికి కాడ నిలబడి నన్ను ఒక్కటే అడిగిండు. 'నేను లేనని ఎవ్వలకు తెల్వలేదా అన్నా' అని."

రాజవ్వ ఇంకాస్త పప్పు వేసింది. ఆయన పళ్ళెంలోకి చూస్తూనే అన్నాడు. "మనిషి చచ్చిపోతె అందరికి తెలుస్తది సార్. బతికుండి ఎవ్వలకు తెల్వకపోవుడే కష్టం. మల్ల గా మాట ఎవ్వలతోని అనిపించుకోవద్దనుకున్న."

నీళ్ళు తాగాను. నా పాలప్యాకెట్ల కథ చెప్పాలనిపించింది, చెప్పేశాను. అప్పటిదాకా ఎవరితోనూ చెప్పలేదు. రాజవ్వ విని, "అయ్యో, పాలు తీస్కపోయిండుగని తలుపు కొట్టలేదా?" అంది. అంతే.

మళ్ళీ క్లాసు, మళ్ళీ స్టేషన్

శుక్రవారం మెట్ల బొమ్మ వేయలేదు. క్లాసంతా వాళ్ళనే మాట్లాడమన్నాను. వాళ్ళు పైకప్పు గురించి, పంపుల గురించి, కొత్తగా చేరేవాళ్ళకు ఏం చెప్పాలో దాని గురించి మాట్లాడారు. నేను కూర్చుని రాసుకున్నాను. చివర్లో అభిప్రాయాల కాగితాలు ఇచ్చాను. పేర్లు రాయనక్కర్లేదన్నా అందరూ రాశారు. సమ్మయ్య కాగితంలో ఇలా ఉంది: "సార్ మంచిగ చెప్పిండు. ఎల్లినంక బిళ్ళ ఇయ్యాలె."

శనివారం పొద్దున బండి. రాజలింగం చివరి షిఫ్టు అదే రోజు. ఉండిపొమ్మన్నారు గానీ టికెట్టు ఉందన్నాను. అసలు సంగతి సిగ్గు. దండలు వేసేటప్పుడు ఆ ఐదుంబావు సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు, అప్పుడు నేను ఎదురుగా ఉండకూడదనుకున్నాను. ముందురోజు సాయంత్రమే ఆయన దగ్గర సెలవు తీసుకుంటే, "ఇంటికి ముట్టినంక ఒక ఫోన్ కొట్టుండ్రి" అన్నాడు. మన వైపూ అంటాం ఆ మాట, గుమ్మం దాకా వచ్చి. ఎవరూ ఎదురుచూడరు.

స్టేషన్ దగ్గర యూసుఫ్ భాయ్ డబ్బులు తీసుకోవడానికి చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి నూట యాభై తీసుకున్నాడు. "మీరు మొదటి దినం గంతనే అన్నరు గద సాబ్" అని నవ్వి, "ఫోన్ కొట్టుండ్రి" అని ఆయనా అన్నాడు.

ఇల్లు

పన్నెండింటికి ఫ్లాటు తలుపు తీశాను. సూట్‌కేసు మూలన పెట్టి, పెరుగన్నం పొట్లం తిని, కుర్చీలోనే కునుకు తీశాను. అవును, ఫోన్ చేయలేదు. ఇంత జరిగాక కూడా.

మూడున్నరకు ఫోను మోగింది. ఎత్తగానే డప్పుల చప్పుడు.

"సార్, ముట్టిండ్రా?"

"కాకా! పన్నెండింటికే చేరాను. మర్చిపోయాను, క్షమించండి."

"మర్చిపోతరని తెలుసు గదా" అన్నాడు. గొంతులో నవ్వుంది. "బయట దండలు పట్టుకోని నిలబడ్డరు సార్. సమ్మయ్య ఒకటె తొందర పెడుతుండు. బోర్డు ఖాళీనే. మీరొక్కరు ముట్టింది తెల్వక ఆగిన."

డప్పుల మధ్యలో సమ్మయ్య "కాకా, జల్ది రా!" అని అరవడం వినిపించింది.

"ఇగ అందరు ఎల్లినట్టె" అన్నాడు రాజలింగం. "పోతున్న మరి సార్." ఫోన్ పెట్టేశాడు.

కుర్చీలో కూర్చుని ఏడ్చాను. దాచుకోవడానికేమీ లేదు. ఎనిమిదేళ్ళుగా ఈ తలుపు తీసుకుని లోపలికి వస్తున్నాను. నేను వచ్చానో లేదో తెలిసేదాకా ఒక మనిషి తన దండల ముందుకు పోకుండా ఆగడం ఇదే మొదటిసారి.

కాసేపయ్యాక మొహం కడుక్కుని, మళ్ళీ ఫోను తీశాను. రెండోసారి మోగేలోపే యూసుఫ్ భాయ్ ఎత్తాడు.

"ముట్టిన భాయ్" అన్నాను.

"ఇప్పుడా సాబ్? పొద్దుటి సంది చూస్తున్న" అన్నాడు. "తిన్నరా?"